మేస్త్రమ్మ సొంత చేను

మా వదినకు ఊళ్లో రెండు పేర్లు. ఎదురుగా ఉంటే మేస్త్రమ్మ, ఆమె వీపు తిరిగితే లొట్టల మేస్త్రమ్మ. మొదటి పేరు ఆమె పని వల్ల వచ్చింది. విత్తే రోజుల్లో, కలుపు రోజుల్లో, కాయలు పీకే రోజుల్లో ఆడకూలీల ముఠాను వెంటేసుకుని వెళ్లేది ఆమే. ఎవరి చేనుకు ఎప్పుడు పోవాలి, ఎవరు ఏ సాలు పట్టాలి, ఎవరి నడుం నొప్పి నిజం, ఎవరిది నాటకం, అన్నీ ఆమే తేలుస్తుంది. రెండో పేరు ఆమె సొంత చేను పెట్టింది. ఆ చేలో వేరుశనగ మొక్క పీకి చూస్తే కాయ పైకి నవనవలాడుతూనే ఉంటుంది. వేళ్ల మధ్య పెట్టి నొక్కితే టప్పున పగులుతుంది. లోపల గింజ ఉండదు, ఉన్నా ముడుచుకుపోయి ఎందుకూ పనికిరాకుండా ఉంటుంది. అలాంటి కాయల్ని మేం లొట్టలంటాం.

వదిన మా ఆయనకు అక్క. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అవతల గిన్నె జారితే ఇవతల నేను ఉలిక్కిపడతాను. నేను కూరలో ఉప్పు ఎక్కువ వేస్తే అవతలి నుంచే ఆమెకు ఎలా తెలుస్తుందో, సాయంత్రానికి నాలుగు మాటలు పడాల్సిందే. ఆడపడుచు ఆడపడుచే మరి. కాబట్టి ఆమెను ఆకాశానికెత్తడానికి ఇదంతా చెబుతున్నానని ఎవరూ అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు చెబుతాను, వంకర టింకర లేకుండా.

ఆమె చేను లొట్టలు కాయడంలో నేల తప్పేమీ లేదు. అంతా ఆలస్యం వల్లే. తొలకరి వాన పడ్డాక నేల విత్తనానికి సరిగ్గా కుదిరి ఉంటుంది చూశారా, దాన్ని పదును అంటారు. మావి గుల్ల నేలలు. ఇక్కడ పదును రెండు మూడు రోజులు నిలిస్తే గొప్ప. ఆ రోజుల్లో విత్తిన చేను వానల్లో మొలిచి, వానల్లోనే పూల ఊడలు మట్టిలోకి దిగి, వానల్లోనే గింజ పట్టేస్తుంది. ఆ తర్వాత విత్తిన చేను గింజ పట్టే వేళకు పైన మబ్బు కనపడదు. ఇది వదినకు తెలియక కాదు. “ఆగండి, ఇంకా తడి ఎక్కువుంది”, “రండి రండి, ఆరిపోతోంది” అని పెద్ద రైతుల్ని పరుగులు పెట్టించేదే ఆమె. ఊరందరి చేలూ పదునులో విత్తించేది ఆమే. కానీ కూలి బాగా గిట్టే వారం ఆ ఒక్కటే. మా ఇళ్లలో డబ్బాలన్నీ ఖాళీ అయి, మూత తీస్తే అడుగు కనపడే వారం కూడా అదే. పొద్దున కూలికి పోతే సాయంత్రం పొయ్యి వెలుగుతుంది. సొంత చేనుకు పోతే ఎప్పుడో పంట వచ్చాక. అప్పటిదాకా వదిన కూతురి ఆకలి ఆగుతుందా? అందుకని ముఠా అంతా ముందు పెద్ద చేలు చేసేసి, ఆఖరికి మా మా చేలలోకి వచ్చేసరికి కాళ్ల కింద దుమ్ము లేచేది. అందరి కంటే ఆఖర్న వదినది. మేస్త్రమ్మ కదా, అందర్నీ కానిచ్చి తనది చూసుకునేది.

లొట్టలు పండితే ఏమవుతుంది? అన్నయ్య ఇటుకల బట్టీకి పోతాడు. అన్నయ్యంటే వదిన మొగుడు. మాట తక్కువ మనిషి, పది ప్రశ్నలేస్తే ఒకదానికి “ఊ” అంటాడు, మిగతావాటికి అదీ అనడు. కాయలు పీకడం అయిపోగానే సంచీ సర్దుకుని ఎక్కడో దూరాన ఉన్న బట్టీకి బస్సెక్కుతాడు. మళ్లీ తొలకరికి ముందు, చెవుల్లో ఇటుక దుమ్ముతో, ఉన్న ఒంట్లో సగం కరిగించుకుని దిగుతాడు. పెళ్లయిన ఏడాది నుంచీ ఇదే వరస. అతను బస్సెక్కే రోజు వదిన కంట్లో నుంచి చుక్క రాలదు. ఆ రోజు నుంచి వారం పాటు నాకు గండం. చీపురు ఎక్కడ పెట్టావని తగువు, కోడి ఎందుకు కూసిందని తగువు. ఆ తగువుల అర్థం నాకు తెలుసు. చేను ఒక్కసారి నిండుగా పండితే ఆ మనిషి ఇంటి పట్టున ఉంటాడు. ఆమె ఎప్పుడూ నోరు తెరిచి అనలేదు. గోడ పక్కనున్నదాన్ని, నాకు ఒకరు చెప్పాలా?

ఇలా ఉండగా ఒక ఎండాకాలం బడి గదిలో మా ఆడవాళ్లందర్నీ కూర్చోబెట్టారు. ఏదో సాయం చేసే సంస్థ నుంచి వచ్చిన అమ్మాయి, చెమటలు తుడుచుకుంటూ చెప్పింది. ఇంటి ఆడమనిషి ఖాతాలో నేరుగా డబ్బు వేస్తారట. తిరిగి కట్టక్కర్లేదట. దేనికి వాడారని ఎవరూ అడగరట.

మా ముఠాలో అందరికంటే పెద్దది అవ్వ. చెవి కాస్త మందం, నోరు మాత్రం బాగా పదును. లేచి నిలబడింది.

“మరి మేమేం చెయ్యాలమ్మా?”

“ఏం చెయ్యక్కర్లేదు అవ్వా.”

“పొద్దుగూకులూ చేస్తేనే సరిగ్గా ఇవ్వరు, చెయ్యకపోతే ఎవరిస్తారే పిచ్చిపిల్లా!” అని కూర్చుంది. గది గదంతా గొల్లుమంది.

ఆ తర్వాత ఊళ్లో పుకార్లకు లోటు లేదు. చేలు రాయించుకుంటారని ఒకరు, పిల్లల్ని ఎక్కడికో తీసుకుపోతారని ఇంకొకరు. నిజంగానే వదిన ఫోను టింగుమన్న రోజు ఆమె మొహం చూడాలి. కూతురు చేత చదివించింది. నమ్మక నా దగ్గరికి తెచ్చింది. నేను చదివితే, “నీకు చదువెక్కడ వచ్చులే” అని మళ్లీ కూతురి దగ్గరికే పోయింది. ఆఖరికి ఏమందో తెలుసా?

“తప్పు నంబరుకి వచ్చిందే. ఎవరిదో ఏమో, పాపం వెతుక్కుంటూ ఉంటారు.”

ఫోను మోగితే ఆ ఎవరో దొరకబుచ్చుకుంటారని దాన్ని గుడ్డలో చుట్టి ఖాళీ డబ్బాలో పెట్టి మూత బిగించింది. మర్నాడు అందరి ఫోన్లూ టింగుమంటే గానీ బయటికి తియ్యలేదు.

నేనైతే మొట్టమొదట పరుపు కొన్నాను. అవును, పరుపే. పుట్టి బుద్ధెరిగాక నేల మీద చాప తప్ప ఎరగను. ఊళ్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. వేసుకోనీ, ముక్కు వాళ్లది, వేలు వాళ్లది. బట్టీ నుంచి అప్పుడే దిగిన అన్నయ్య పెద్ద శబ్దం వచ్చే పాటల పెట్టె ఒకటి అడిగాడు. అంతటి కోరిక ఆ నోటి నుంచి రావడం చూసి మేమే బిత్తరపోయాం. వదిన విననట్టు పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది. నాలుగు రోజులు ఎవరితోనూ మాటల్లేవు. అయిదో రోజు పొద్దున్నే సంతకు పోయి, బండి కట్టించుకుని వచ్చింది. నేను పరుపు మీదే పడుకుని కిటికీలోంచి చూస్తున్నాను. గింజలు, పప్పు, నూనె, ఉప్పు, సబ్బులు, ఆఖర్న రెండు బస్తాల విత్తన కాయలు. మూటలు దిగుతూనే ఉన్నాయి.

“ఇంత సరుకెందుకు వదినా, ఇంట్లో పెళ్లేమైనా పెట్టుకున్నావా?” అని కేకేశాను.

“విత్తే వారం నేను కూలికి రాను,” అంది. బస్తా మీద చెయ్యి వేసి, “డబ్బాలు నిండా ఉంటే నా చేనుకు నేను పోవచ్చుగా,” అంది.

నేను పరుపు మీద లేచి కూర్చున్నాను. ఇన్నేళ్లుగా ఆ ముఠాలో ఉన్నాం, పదునులో సొంత చేలోకి పోవచ్చనే ఆలోచన ఒక్కదానికి వచ్చిందా! సాయంత్రానికి నేనూ సంతకు పరిగెత్తి నా డబ్బాలు నింపుకున్నాను. నన్ను చూసి పక్కిల్లు, పక్కింటిని చూసి అవ్వ. వారం తిరిగేసరికి ముఠాలో ప్రతి ఇంట్లో డబ్బాల మూతలు పట్టడం లేదు.

ఇక ఈ సంగతి గొడుగాయనకు చెప్పాలి. ఊళ్లో అందరికంటే పెద్ద చేను ఆయనది. ఎండైనా మబ్బైనా నల్ల గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడి పని చేయిస్తాడు, అందుకే ఆ పేరు. చెడ్డవాడు కాదు. కూలి ఏ రోజుది ఆ రోజు చేతిలో పెడతాడు, నీళ్లు అడిగితే ఇప్పిస్తాడు. కాకపోతే వాన తన కోసమే పడుతుందని ఆయన నమ్మకం. ఎప్పటిలాగే ముందుగా మాట చెప్పి పోదామని మా వదిన గుమ్మం ముందుకు వచ్చాడు.

“ఏం మేస్త్రమ్మా, ఈసారి వాన తొందరగా వచ్చేలా ఉంది. మొదటి రోజు మనదే కదా?”

వదిన ఊరంతటికీ గొంతెత్తి చెప్పగలదు. ఆ ఒక్క మాట మాత్రం ఆయన వైపు చూడలేక, మూలనున్న బక్కెట్టు వైపు చూస్తూ అంది.

“ఈసారి… మా చేను చేసుకుందామనుకుంటున్నానండీ.”

“చేసుకో, ఎవరొద్దన్నారు? మనది అయ్యాక చేసుకో.”

“ముందే చేసుకుంటానండీ.”

ఆయన గొడుగు ముడిచాడు. ఇంటి ముందు నీడలో కూడా దించని గొడుగు! “కూలి పెంచమంటావా? చెప్పు, పెంచుతాను.”

“కూలి సంగతి కాదండీ.”

“మరి నా చేను ఏం కావాలి?”

“మూడో రోజు వస్తాం,” అని బక్కెట్టుకే చెప్పింది. ఆయన నవ్వి, “చూద్దాంలే, వాన పడనీ. నువ్వే వస్తావు,” అని వెళ్లిపోయాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది.

వాన అనుకున్నదానికంటే ముందే పడింది. సాయంత్రం మొదలై, చూరు మీద దరువు వేసి వేసి పొద్దుపోయాక ఆగింది. తెల్లారక ముందే అన్నయ్యా మా ఆయనా ఎడ్లను తోలుకుని వదిన చేనుకు పోయారు. మేం వేరుశనగ విత్తే పద్ధతి ఇలా ఉంటుంది. ముందు అరక సాళ్లు తోలుకుంటూ పోతుంది. వెనక సాలుకో ఆడమనిషి ఒడిలో గింజలు పోసుకుని, ఒక్కో గింజ వేసి పాదంతో మట్టి కప్పుతూ నడుస్తుంది. అరక తోలడం ఎంతసేపు, గింజ వెయ్యడమే ఆలస్యం. ఇద్దరు వేస్తే చేను అయ్యేలోపు పదును పోతుంది. ముఠా మొత్తం దిగితే మధ్యాహ్నానికి అయిపోతుంది.

వదిన వీధి మొదట్లో నిలబడి ఎప్పుడూ వేసే కేక వేసింది. “రండ్రోయ్, ఆరిపోతోంది!” ఆ కేక వింటే చాలు, మాకు కళ్లు తెరుచుకోక ముందే కాళ్లు లేస్తాయి. తలగుడ్డలు చుట్టుకుంటూ, ఆవులిస్తూ, ఒకరి వెనక ఒకరం బయలుదేరాం. వదిన ముందు, ఆమె వెనక నేను, నా వెనక అవ్వ, ఆ వెనక మిగతావాళ్లు. మసక వెలుతురు, కాళ్ల కింద చల్లటి నేల, తడి మట్టి వాసన. ఎవరి ఆలోచనల్లో వాళ్లున్నాం. నడిచి నడిచి గట్టెక్కేసరికి ఎదురుగా నల్ల గొడుగు.

గొడుగాయన చేనుకు వచ్చేశాం! నాకు బుద్ధి లేదా అని మీరు అడగొచ్చు. లేదు. ఆ పూట మాలో ఎవరికీ లేదు. ఇన్నేళ్లుగా మొదటి వాన పడ్డ పొద్దున ఆ కాళ్లు ఎటు నడిచాయో అటే నడిచాయి.

ఆయన మొహం చేటంత అయింది. “నేను చెప్పలా! రండి రండి, గింజలు ఒలిపించి ఉంచాను!” ఆయన జీతగాడు అప్పటికే సగం చేను సాళ్లు తోలేశాడు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకునే లోపే వదిన ఒడిలో గింజలు పోసేశారు. ఆమె ఇంకా నిద్రలో నడుస్తున్నట్టే ఉంది. సాల్లో దిగింది, వేసుకుంటూ పోతోంది. వేలి సందులోంచి గింజ, పాదంతో మట్టి, గింజ, మట్టి. ఆ చేతివాటం చూడ్డానికి ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. నేను మాత్రం గట్టు మీదే నిలబడ్డాను. “వదినా!” అని పిలిచాను. వినలేదు. ఊళ్లో కుక్కలు కూడా లేచేలా రెండోసారి అరిచాను.

“వదినా! అన్నయ్య అక్కడ ఎడ్లతో నిలబడి ఉన్నాడు!”

సాలు మధ్యలో ఆగిపోయింది. ఒడి వైపు చూసుకుంది, చేను వైపు చూసింది, గొడుగు వైపు చూసింది. అలా తెల్లబోయిన మొహం ఆమెకు ఎప్పుడూ లేదు. మరొకరైతే ఆ గింజలు అక్కడే గుమ్మరించి వచ్చేసేవారు. ఈమె మళ్లీ వంగి వేసుకుంటూ పోయింది! అయిపోయిందిరా, ఈ ఏడూ లొట్టలే, ఈ ఏడూ బట్టీయే అనుకున్నాను. సాలు చివరిదాకా వేసి, నడుం నిటారు చేసి, మిగిలిన గింజలు తెచ్చి ఆయన బుట్టలో పోసింది.

“పట్టిన సాలు మధ్యలో వదలడం నాకు చేతకాదండీ. దీనికి కూలి వద్దు. మళ్లీ మూడో రోజు వస్తాం,” అంది. ఈసారి ఆయన మొహంలోకి చూసే అంది.

“నాకు అందరూ కావాలే ఇవాళ!” అని ఆయన గొడుగు ఊపాడు.

“ఇవాళ మాకూ అందరూ కావాలండీ,” అంది వదిన. గట్టు దిగి నడిచింది. మేం వెనకే.

దారి మళ్లాక అసలు చిక్కు మొదలైంది. వదిన అందరికీ చెప్పకనే నేర్పించిన ఆలోచన కదా, ప్రతిదానికీ సొంత చేను ఉంది, ప్రతిదానికీ పదును ఇవాళే కావాలి. డబ్బాలు నింపుకునే హడావుడిలో ఎవరిది ముందని ఎవరమూ మాట్లాడుకోలేదు! మూడు దార్లు కలిసే చోట ఆగిపోయాం.

“నాది చిన్న ముక్క, చిటికెలో అయిపోతుంది, నాది చేసేసి పోదాం,” అని ఒకామె.

“నాది మెరక, అన్నిటికంటే ముందు ఆరేది నాదే,” అని ఇంకొకామె.

“నేను వచ్చే ఏడు ఉంటానో లేదో,” అని అవ్వ. ఈ మాట ఆమె నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ అంటోంది.

నాకూ మనసులో మా ముక్క ముందు విత్తాలనే ఉంది, అబద్ధమెందుకు. మాటా మాటా పెరిగింది. తూర్పున ఎరుపెక్కుతోంది, ఎండ వస్తే పదును ఆగదు. అందరం అరిచి అరిచి చివరికి వదిన వైపు తిరిగాం. వరస చెప్పేది ఎప్పుడూ ఆమే కదా.

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. “సరే, వినండి. ముందు అవ్వది. తర్వాత మెరక చేను. ఆ తర్వాత నా మరదలిది…” అని మొదలుపెట్టింది. ఒక్కొక్కరి చేను పేరూ వరసగా చెప్పుకుంటూ పోతోంది. పోతోంది, పోతోంది, తన చేను మాట రాదే!

నాకు తిక్క రేగింది. అన్నయ్యా మా ఆయనా చీకట్లో లేచి ఎడ్లు కట్టి అక్కడ కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారు, ఈ మహాతల్లి ఇక్కడ పంపకాలు పెడుతోంది. ఆడపడుచనీ పెద్దదనీ చూడలేదు. భుజం పట్టి కుదిపేశాను.

“నీకు నోరు లేదా వదినా? గొడుగాయన దగ్గర ఉన్న నోరు మా దగ్గర ఏమైంది? అడగవే! నాది ముందు అని అడగవే తల్లీ, ఒక్కసారి అడిగి చావు!”

వదిన నన్ను కొడుతుందనుకున్నాను.

“నాది ముందు,” అంది. మాకే వినపడనంత చిన్నగా అంది. గొంతు సవరించుకుని మళ్లీ అంది. “ఈసారి నాది ముందు చెయ్యండే. ఆయన్ని మళ్లీ బట్టీకి పంపలేను. నా వల్ల కాదు.”

ఆమె కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. అన్నేళ్లలో ఆమె మమ్మల్ని ఏదైనా అడగడం అదే మొదలు. మెరక చేను ఆమె నేల చూపులు చూసింది. అవ్వకు సగమే వినపడ్డట్టుంది, పక్కామెను అడిగి తెలుసుకుంది. తెలుసుకుని వదిన మీద ఇంతెత్తున లేచింది.

“ఈ ముక్కేదో ఇంటి దగ్గరే ఏడిస్తే ఈపాటికి నాలుగు సాళ్లు అయిపోయేవి కదే! నడవండి నడవండి, చూస్తారేం!” అంటూ అవ్వే ముందు పడి నడిచింది. ముఠాకు ఆమె ముందు నడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

మేం చేను చేరేసరికి అన్నయ్య గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. “ఎక్కడికి పోయారు?” అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఆ మనిషి ఎంత కంగారుపడి ఉండాలి! నేను నవ్వు ఆపుకోలేక గింజల బుట్ట వెనక దాక్కున్నాను. ఆ రోజు మేం చేసినంత వడిగా ఏ పెద్ద రైతు చేలోనూ చెయ్యలేదని ఒట్టేసి చెప్పగలను. ఎండ నెత్తికెక్కే లోపే చివరి సాలు మూసేశాం. పాదం పెడితే మట్టి పాదానికి అంటుకుంటోంది, అంత పదును. మధ్యాహ్నం నుంచి అవ్వది. మర్నాడు వెలుగు రేఖ నుంచి మెరకది, మాది, మిగతావి.

మూడో రోజు, మాట ఇచ్చినట్టే, గొడుగాయన చేనుకు వెళ్లాం. ఆయన అప్పటికి ఇంట్లో అల్లుణ్ణి, కొడుకుని సాళ్లలోకి దించి, గొడుగు గట్టు మీద పడేసి, తనే ఒడి కట్టుకుని సగం దాకా విత్తుకున్నాడు. ఒక గింజ పడాల్సిన చోట మూడు పడ్డాయి, ఒకచోట అసలు లేవు. మమ్మల్ని చూసి నడుం పట్టుకుని నిలబడ్డాడు. “ఇది ఇంత కష్టమా మేస్త్రమ్మా?” అన్నాడు. వదిన ఆయన చేతిలోంచి గింజలు తీసుకుని సాల్లో దిగింది. ఆ సాయంత్రం కూలి తనంతట తనే పెంచి ఇచ్చాడు, కాబట్టి ఆయన్ని ఇంకేమీ అనను.

ఆ ఏడు వదిన చేను ఎలా పండిందో నేను వర్ణించను, దిష్టి తగులుతుంది. బస్తాలు పెట్టడానికి చోటు చాలక రెండు మా ఇంట్లో పెట్టారు, నా పరుపు పక్కన. వాటిని అమ్మాక బట్టీ మనిషి ఫోను చేశాడు. అన్నయ్య ఫోను వైపు చెయ్యి చాచేలోపు వదిన అందుకుంది. “ఆయన రాడు,” అని పెట్టేసింది.

కథ అయిపోయిందనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. చలికాలం వచ్చింది. ఒక పొద్దున వదిన మా ఇంట్లోకి వచ్చి, నా పొయ్యి ముందు చతికిలబడింది. ఏదో తగువుకే వచ్చిందనుకుని నేను సిద్ధమయ్యాను. చేతులు కాచుకుంటూ మొదలుపెట్టింది.

“ఏమే మరదలా, మా ఆయనకు చలికి ముక్కు కారుతుందే,” అంది.

“అయితే?”

“పొద్దున లేవగానే వరసగా తుమ్ముతాడు. దుప్పటి మొత్తం తన మీదికి లాక్కుని, ముడుచుకుని పడుకుంటాడు. కాళ్లు మంచుగడ్డల్లా ఉంటాయి. వేడినీళ్లు పెట్టేదాకా పక్క దిగడు, చిన్నపిల్లాడిలాగా.”

నేను నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు.

“అంత పెద్ద కూతురుంది నాకు,” అంది. “అయినా ఇప్పటిదాకా నాకు ఇవేమీ తెలియవే. ఇన్ని చలికాలాలు అక్కడ ఆయనకు నీళ్లు ఎవరు కాచారో!”

ఇంతలో గోడవతల తుమ్ము వినపడింది, వెంటనే ఇంకొకటి. వదిన గబుక్కున లేచింది. నా పొయ్యి మీద నేను నా స్నానానికి పెట్టుకున్న వేడినీళ్ల గిన్నె ఉంది. అడగనైనా అడగలేదు, కొంగుతో పట్టుకుని దించుకుని పోయింది.

“అవి నావి వదినా!” అని అరిచాను.

“మళ్లీ పెట్టుకోవే,” అంది గుమ్మం దాటుతూ.